చిన్న సుఖానికి ఒక వేళ

సంక్రాంతి దగ్గరపడి మంచు దిగే రోజుల్లో మదనపల్లె, పుంగనూరు, కుప్పం సంతల్లో అనపకాయలు రాశులు పోసి అమ్ముతారు. కాయలు వలిచి, గింజల్ని రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున్నే ఇంట్లోవాళ్లంతా చుట్టూ కూర్చుని ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పితుకుతారు. తొక్క చేతిలో మిగిలి పప్పు గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. అంతమంది కూర్చుని పితికినా వచ్చేది ఒక పూట కూర. వేడి రాగి సంగటిలోకి ఆ కూర దొరికేది ఏడాదిలో ఈ కొద్ది వారాలే. బెంగళూరులోనో చెన్నైలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు పండక్కి వస్తున్నారంటే ఈ సీమ తల్లులు ముందుగా చూసుకునేది ఇంట్లో అనపకాయలు ఉన్నాయా లేవా అని.

ఈ మూడు ఊళ్లూ సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉన్న మెట్టసీమలోవి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటులో ఉండేవి. పుంగనూరు ఒక జమీందారీ, కుప్పం కంగుంది జమీందారీలో భాగం. పెద్ద నది ఏదీ లేదు. చెరువు నిండితే వరి, నిండకపోతే రాగి, శనక్కాయ. 1876–78 నాటి మహా కరువు ఈ నేలను తీవ్రంగా దెబ్బతీసింది. ఇలాంటి చోట సుఖం పుట్లకొద్దీ రాదు, గుప్పెడుగా వస్తుంది. ఆ గుప్పెడును గుర్తించి సంతోషించడానికి ఇక్కడి జనం ఒక వేళ కేటాయించుకున్నారు. గుడిలో, పశువుల కొట్టంలో, కాలేజీలో, క్షయ ఆసుపత్రిలో, బడిలో ఆ వేళ ఒక్కో కాలంలో ఒక్కో రూపం తీసుకుంది.

గుడితో మొదలుపెట్టాలంటే తరిగొండ వెంగమాంబ పేరు చెప్పాలి. వాయల్పాడు దగ్గరి తరిగొండలో 1730లో పుట్టిన ఈ కవయిత్రి చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. వితంతువు గుండు చేయించుకోవాలన్న ఆచారానికి తలవంచలేదు. ఊరి పెద్దల మాటలు పడి, చివరికి తిరుమల చేరి, 1817లో అక్కడే కన్నుమూసింది. ఆమె పేరు మీద తిరుమలలో ఈనాటికీ రోజూ రాత్రి ఏకాంత సేవలో ముత్యాల హారతి ఇస్తారు. లాలి తాళ్లపాక వారిది, హారతి తరిగొండ వారిది అని కొండమీద ఒక నానుడే ఉంది. ఈ హారతికి నిర్ణయమైన సమయం ఆలోచింపజేస్తుంది. కోరికలు విన్నవించే జనమంతా వెళ్లిపోయాక, తలుపులు మూసే ముందు వెలిగే హారతి అది. రోజు గడిచినందుకు పట్టే దీపంగా దాన్ని చూడాలనిపిస్తుంది. జీవితంలో అంత పోగొట్టుకున్న మనిషి పేరు మీద అది నిలవడం ఇంకా గొప్ప సంగతి.

పశువుల కొట్టంలో ఈ కృతజ్ఞతకు పండగ రూపం వచ్చింది. పుంగనూరు పేరు దేశమంతా తెలిసింది ఆవు వల్లే. ఎత్తు మూడడుగులకు అటూఇటూగా ఉండే ఈ మూపురపు ఆవు ప్రపంచంలోని అతి చిన్న పశుజాతుల్లో ఒకటి. ఎండుమేతతో, కొద్దిపాటి నీళ్లతో బతుకుతుంది. రోజుకు ఇచ్చేది కొద్ది లీటర్లే అయినా, మామూలు ఆవుపాలలో మూడు నాలుగు శాతం వెన్న ఉంటే, దీని పాలలో ఎనిమిది శాతం దాకా ఉంటుందని చెబుతారు. సంకరజాతి ఆవులు వచ్చాక ఈ జాతి అంతరించే దశకు చేరితే, పలమనేరులోని పశు పరిశోధనా కేంద్రం దాన్ని పట్టి నిలబెట్టింది. 2024 సంక్రాంతి సందర్భంగా ప్రధానమంత్రి తన నివాసంలో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన ఫొటోలు వచ్చాక గిరాకీ మరీ పెరిగింది. పెద్దింటి పెరట్లో అలంకారంగా పెంచడానికి కొంటున్నవాళ్లకు ఈ ఆవు కథలో సగమే తెలుసు. తక్కువ మేతకు ఎక్కువ వెన్న ఇచ్చే జంతువును తరాల తరబడి ఏరుకున్నది కరువు నేల రైతు.

ఆ రైతు తన ఆవుకు ఏం తిరిగిచ్చాడో కనుమ నాడు కనిపిస్తుంది. చిత్తూరు జిల్లా పల్లెల్లో కనుమ అంటే పశువుల పండగ. ముందుగా అడవికి వెళ్లి రకరకాల చెట్ల బెరళ్లు, ఆకులు తెచ్చి, ఉప్పు కలిపి రోట్లో దంచుతారు. దాన్ని ఉప్పుచెక్క అంటారు. చేదుగా ఉండే ఆ పొడిని ఏడాదికి సరిపడే మందుగా గొడ్ల నోట్లో కూరుతారు. అవి తల విదిలించినా వదలరు. ఆ తర్వాతే కడగడం, కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. సాయంత్రం ఊరి బయట, గొల్లల వీరుడు కాటమరాజుకు నిలిపిన రాయి దగ్గర పొంగలి పెట్టి, ఎండు కంపతో పేర్చిన చిట్లాకుప్పకు నిప్పంటిస్తారు. దండం పెట్టి ఊరుకోకుండా వచ్చే ఏడాది ఆరోగ్యం గురించి ముందే చూసుకునే ఈ పద్ధతి, కృతజ్ఞతకు ఈ సీమ ఇచ్చిన అందమైన రూపాల్లో ఒకటి.

ఇంగ్లీషువాళ్లు ఈ సీమలో మెచ్చింది చల్లగాలిని. కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ 1870లో ఏనుగు మల్లమ్మ కొండ మీద వేసవి విడిది కట్టించుకుంటే, కొండ పేరే ఆయన పేరుగా మారిపోయింది. అదే గాలి, నలభై ఏళ్ల తర్వాత, క్షయ రోగులకు మందయింది.

మదనపల్లె చరిత్రలో 1910–1930 మధ్య కాలం ఎంత చెప్పినా తరగనిది. దివ్యజ్ఞాన సమాజ నాయకురాలు అనీ బిసెంట్ ఆధ్వర్యంలో 1915లో దివ్యజ్ఞాన కళాశాల వచ్చింది. 1919 ఫిబ్రవరిలో దక్షిణాది పర్యటనలో అలసిన రవీంద్రనాథ్ టాగూర్ విశ్రాంతి కోసం ఇక్కడికి వచ్చాడు. కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ ఐర్లండు వాళ్లు. చదువులతో సంబంధం లేకుండా, ఊరికే పాడుకోవడానికి విద్యార్థులు చేరే సాయంత్రాలు ఆ కాలేజీలో ఉండేవి. అలాంటి ఒక కూటమిలో టాగూర్ జనగణమన పాడాడు. 1911 డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్ సభలో తొలిసారి వినిపించిన పాట అది. మార్గరెట్ స్వరం రాసింది. ఫిబ్రవరి 28న టాగూర్ ఇంగ్లీషు అనువాదం పూర్తిచేసి ‘భారతదేశపు ఉదయగీతం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. కాలేజీ దాన్ని రోజువారీ ప్రార్థనగా తీసుకుంది. జాతీయగీతం చరిత్రలో మదనపల్లె పేరు నిలవడానికి కారణం, పనేమీ పెట్టుకోకుండా పాటకోసం కూర్చున్న సాయంత్రం.

ఊరికి కాస్త దూరంలో అదే రోజుల్లో మరో రకం సాయంత్రాలు గడిచేవి. క్రైస్తవ మిషన్లు కలిసి 1912లో నెలకొల్పిన క్షయ శానిటోరియం ఉన్న చోటుకు ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ దాని తొలి సారథి. క్షయను చంపే మందు అప్పటికి లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1940లలో. అప్పటిదాకా వైద్యమంటే పొడి గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి. శానిటోరియాల్లో రోగులు నెలల తరబడి వరండాల్లో పడుకునేవారు. మాట్లాడకూడని విశ్రాంతి గంటలుండేవి. జ్వరం తగ్గినవాళ్లకు డాక్టరు కొద్దికొద్దిగా నడక పెంచేవాడు. మంచం దిగి నాలుగడుగులు వేయడం, దగ్గు లేకుండా ఒక రాత్రి నిద్రపట్టడం, అరకిలో బరువు పెరగడం అక్కడ పెద్ద వార్తలు. ఇంటికి దూరమై, చాలామంది బతికి తిరిగి వెళ్లని ఆ కాలాన్ని తీపిగా చెప్పుకోవడం తప్పు. ఊపిరి విలువ తెలియడానికి వాళ్లు చెల్లించిన మూల్యం చాలా పెద్దది. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, మందులు వాడితే ఇంట్లో ఉన్నా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని తేల్చింది. వరండాల అవసరం తీరిపోవడం ఈ కథలోకెల్లా సంతోషించాల్సిన మలుపు.

తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895 మేలో మదనపల్లెలోనే పుట్టాడు. తండ్రి రెవెన్యూ ఉద్యోగి. 1905లో తల్లి పోయింది. 1909లో కుటుంబం మద్రాసులోని అడయారు చేరింది. చిన్నప్పుడు పురుగుల్నీ మబ్బుల్నీ చూస్తూ నిలబడిపోయే అతన్ని బడిలో మందబుద్ధి అనుకున్నారని జీవితచరిత్రలు చెబుతాయి. అతని ఆలోచనతో ఊరికి పదిమైళ్ల దూరంలో, ఒక మహా మర్రిచెట్టున్న లోయలో రిషివ్యాలీ బడి 1926లో రూపుదిద్దుకోవడం మొదలైంది. అక్కడ సాయంత్రం పూట పిల్లలంతా అస్తాచల్ అనే చోటికి వెళ్లి, రాళ్ల మీద కూర్చుని, పొద్దు కుంకేదాకా మౌనంగా చూస్తారు. ప్రార్థన ఉండదు. దేనికైనా ధన్యవాదాలు చెప్పమని ఎవరూ అడగరు. కృష్ణమూర్తి నేర్పదలచింది కృతజ్ఞత కాదు, శ్రద్ధగా చూడడం. కానీ చూడటం రానివాడికి కృతజ్ఞత ఎక్కణ్ణుంచి వస్తుంది? 1976లో అచ్చయిన ఆయన నోట్‌బుక్‌లో, 1961 చివర్లో రిషివ్యాలీలో ఉండగా రాసుకున్న పుటలు చదివితే ఆయన తత్వం కంటే ముందు ఆ కొండలు, వెలుగు, చెట్లు కళ్లముందు నిలుస్తాయి. ఒకనాడు బోడిగా ఉన్న లోయలో బడివాళ్లు నాటిన చెట్లకు పక్షులు చేరి, 1991లో అది పక్షుల సంరక్షణ స్థలమైంది.

ఆ బడిలో చదివిన రాంజీ రాఘవన్ బ్యాంకు ఉద్యోగం వదిలి, 1999లో అగస్త్య ఫౌండేషన్ స్థాపించినప్పుడు, రిషివ్యాలీ మాజీ ప్రిన్సిపాల్ బాలసుందరం తోడు నిలిచాడు. కుప్పం దగ్గర గుడివంకలో 172 ఎకరాల బీడును పచ్చగా మార్చి, ప్రభుత్వ బడుల పిల్లలు చేత్తో ముట్టి ప్రయోగాలు చేసే ప్రాంగణం కట్టారు. ప్రయోగ సామగ్రి వ్యాన్లలో పల్లెలకూ వెళుతుంది. పాఠం కన్నా ముందు పిల్లవాడి నోట ‘ఆహా’ అనిపించాలన్నది వాళ్ల పట్టు. ఫీజు కట్టగలిగినవాళ్ల పిల్లలకు మదనపల్లె లోయలో దక్కిన చూపు, మూడు రాష్ట్రాల సరిహద్దులోని కుప్పంలో కూలివాళ్ల పిల్లలకు కూడా అందే దారి అలా పడింది.

దారి పడింది గానీ అందరి ఇళ్లకూ చేరలేదు. మదనపల్లె టమోటా మార్కెట్ దేశంలోని అతి పెద్ద వాటిలో ఒకటి. అక్కడ కాయలు ఏరి గ్రేడు చేసే ఆడవాళ్లకూ, బుట్టలు మోసే హమాలీలకూ రేటు పడిపోయిన రోజునా, పెరిగిన రోజునా పని ఒక్కటే. 2023 జులైలో టమోటా ధర ఆకాశానికి ఎక్కినప్పుడు దేశమంతా రైతు లాభం గురించి మాట్లాడింది, మోసేవాళ్ల గురించి మాట్లాడింది తక్కువ. వెంగమాంబ హారతి నుంచి అస్తాచల్ దాకా ఈ సీమ కాపాడుకున్న ఆ వేళ వాళ్లకూ రావాలంటే, యార్డులో కూలి రేటుతో పాటు పని గంటలు కూడా మాట్లాడాల్సి ఉంటుంది.