పడవ బడి పంతుళ్లు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మోటారు పడవ కొత్త మోజు. డబ్బున్న ప్రతివాడూ ఒకటి కొనుక్కుని సముద్రం మీదికి వెళ్లేవాడే కానీ, ఎదురుగా మరో పడవ వస్తే ఎవరు పక్కకు తొలగాలో చాలామందికి తెలిసేది కాదు. బోస్టన్ యాట్ క్లబ్ సభ్యుడు రోజర్ అప్టన్ 1912లో ఈ పడవల యజమానులను జట్టుగా చేర్చారు. నౌకాదళంలా బారులు తీరి నడపడం, సంకేతాలు ఇచ్చుకోవడం వాళ్లకు అలవాటు చేశారు. ఆ సాధనలోంచే 1914 ఫిబ్రవరి 2న న్యూయార్క్ యాట్ క్లబ్‌లో యునైటెడ్ స్టేట్స్ పవర్ స్క్వాడ్రన్స్ పుట్టింది. ఇప్పుడు దాన్ని అమెరికాస్ బోటింగ్ క్లబ్ అని కూడా పిలుస్తున్నారు. పేరులో స్క్వాడ్రన్, పదవుల్లో కమాండర్ ఉన్నా ఇది సైన్యం కాదు, పౌరుల సంఘం. ఇక్కడ పాఠం చెప్పేవాళ్లకు జీతం లేదు.

సంస్థ స్థాపకుల్లో ఒకరు చార్లెస్ ఎఫ్. ఛాప్మన్. మోటార్ బోటింగ్ పత్రికకు దశాబ్దాల పాటు సంపాదకులుగా ఉన్నారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళ సహాయ కార్యదర్శిగా ఉన్న ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, కొత్తవాళ్లకు చిన్న పడవల నిర్వహణ నేర్పే పుస్తకం ఒకటి కావాలని ఆయన్ని కోరారు. అలా 1917లో వచ్చిన పుస్తకం కూర్పు మీద కూర్పుగా పెరిగి నేటికీ అచ్చవుతోంది. అమెరికా పడవలవాళ్లు దాని పూర్తి పేరు పలకరు, ‘ఛాప్మన్’ అంటే చాలు. సంస్థలో ఉత్తమ బోధనకు ఇచ్చే జాతీయ పురస్కారానికి కూడా ఆయన పేరే పెట్టారు. స్థానిక స్క్వాడ్రన్లు తమ పంతుళ్లలో మేటి అనుకున్నవారి పేర్లు ప్రతిపాదిస్తాయి. అందులోంచి ఎంపికైన కొద్దిమందికే ఆ గౌరవం దక్కుతుంది.

నా దృష్టిలో ఈ సంస్థ చేసిన పనుల్లోకెల్లా మంచి పని ఇదే. పడవ పందెంలో గెలిచినవాడికి కప్పు ఎక్కడైనా ఇస్తారు. కానీ మంచి పంతులు సాధించినదాన్ని చూపించడం కష్టం. ఆయన దగ్గర నేర్చుకున్నవాడు మబ్బు చూసి ముందే ఒడ్డుకు తిరిగివస్తాడు. ప్రమాదం జరగదు కాబట్టి వార్తా రాదు. జరిగినవాటి లెక్కయితే ఉంది. అమెరికా కోస్ట్ గార్డ్ నివేదిక ప్రకారం 2023లో వినోద పడవల ప్రమాదాల్లో 564 మంది చనిపోయారు. నడిపినవారి శిక్షణ వివరాలు తెలిసినంత మేరకు, ఆ మరణాల్లో నూటికి 75 భద్రతా శిక్షణ లేనివారు నడిపిన పడవల్లోనే సంభవించాయి. నీటమునిగి పోయినవారిలో నూటికి 87 మంది ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. ఈ అంకెలు చదివాక, లైఫ్ జాకెట్ గురించి చెప్పిందే చెప్పి విసిగించే పంతులంటే నాకు గౌరవం పెరిగింది.

తరగతిలో నేర్పేవి వినడానికి చిన్న సంగతులే. సముద్రం నుంచి రేవుకు వచ్చేటప్పుడు ఎర్ర బోయ్‌లు కుడిచేతి వైపు ఉండాలి. తాడుతో బోలైన్ ముడి కళ్లు మూసుకునైనా వేయగలగాలి. బోడిచ్ బే అనే ఊహా అఖాతం పటం మీద దారి గీసి చూపాలి. అమెరికన్ నావికాశాస్త్రానికి ఆద్యుడనదగిన నెథానియల్ బోడిచ్ పేరు మీద, విద్యార్థుల కోసమే సృష్టించిన తీరం అది. పై తరగతులకు వెళితే సెక్స్‌టెంట్ పట్టి సూర్యుణ్ణి, నక్షత్రాలను చూసి పడవ ఎక్కడుందో లెక్కకట్టాలి. జీపీఎస్ వచ్చాక కూడా ఈ పాఠాన్ని వదలకపోవడం సబబే. నడిసముద్రంలో బ్యాటరీ అయిపోతే నక్షత్రాలే దిక్కు.

ఒక వెలితి చెప్పకుండా ఉండలేను. స్త్రీలకు పూర్తి సభ్యత్వం 1982లో గానీ రాలేదు. అప్పటిదాకా పాఠాలు విన్నా, పరీక్షలు ప్యాసైనా సభ్యత్వంలో మాత్రం సమాన స్థానం లేదు. అరవై ఎనిమిదేళ్ల పాటు ఎంతమంది మంచి ఉపాధ్యాయినులను సంస్థ తనంతట తానే దూరం పెట్టుకుందో కదా!

ఛాప్మన్ పురస్కారం అందరికీ అందేది కాదు. తక్కినవారి శ్రమకు గుర్తింపుగా మెరిట్ మార్క్ ఉంది. స్క్వాడ్రన్ కమాండర్ సిఫారసు చేస్తే జాతీయాధ్యక్షుడి హోదాలో ఉన్న చీఫ్ కమాండర్ ఇస్తారు. ఎంత సేవ చేసినా ఏడాదికి ఒక్కటే. 25 పోగైతే జీవిత సభ్యత్వం. అంటే పాతికేళ్ల పాటు ఏటా తరగతి గదులు తెరిచి, పటాలు పరిచి, పరీక్ష పేపర్లు దిద్దితే వచ్చే హోదా అది. 50 మార్కులు సాధించినవాళ్లు కూడా ఈ సంస్థలో ఉన్నారు.