బాన్సువాడ పుర కమిషనర్‌ ఎవరికి జవాబుదారీ?

బాన్సువాడ: మేజర్‌ గ్రామ పంచాయతీగా ఉన్న బాన్సువాడ 2018 ఆగస్టులో పురపాలక సంఘమైంది. పేరుతోపాటు అధికారం ఉండే చోటు కూడా మారిన సంగతిని పట్టణవాసులు అంతగా గమనించలేదు. పంచాయతీలో కార్యనిర్వాహక బాధ్యత ప్రజలెన్నుకున్న సర్పంచిది. పురపాలికలో ఛైర్మన్‌ సమావేశాలకు అధ్యక్షత వహిస్తారే గానీ కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. ఇంటి అనుమతి, ఆస్తి పన్ను, పారిశుద్ధ్యం, జనన మరణ ధ్రువపత్రాలు అన్నీ ఆయన కార్యాలయం నుంచే సాగాలి. ఆ అధికారిని మాత్రం ఓటరు ఎన్నుకోడు, దించనూ లేడు.

ప్రభుత్వ ఉత్తర్వుతోనే నియామకం

1993 జూన్‌ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పాలకవర్గాలకు ఐదేళ్ల గడువు నిర్ణయించింది. కమిషనర్‌ ఎలా రావాలన్నది రాష్ట్ర చట్టాలకు వదిలింది. తెలంగాణలో 1965 నాటి పాత పురపాలక చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం వచ్చినా ఈ విషయంలో మూలసూత్రం మారలేదు. కమిషనర్‌ను నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే. గ్రూప్‌-2 పరీక్ష ద్వారా గ్రేడ్‌-3 కమిషనర్లుగా నేరుగా చేరేవారు కొందరు, శాఖలోనే పదోన్నతిపై వచ్చేవారు మరికొందరు. పోస్టు ఖాళీ అయితే వేరొక అధికారికి ఇన్‌ఛార్జి బాధ్యత అప్పగిస్తారు. ఇన్‌ఛార్జి పాలనలో దస్త్రాలు ఎంత నెమ్మదిగా కదులుతాయో కార్యాలయం మెట్లెక్కిన వారికి చెప్పనక్కరలేదు.

పురపాలక కార్యాలయాల్లో మేనేజర్‌ అనే పోస్టు వేరు. కమిషనర్‌ కింద సిబ్బంది వ్యవహారాలు, దస్త్రాలు చూసే ఉద్యోగి ఆయన. అమెరికాలో సిటీ మేనేజర్‌ అంటే మన కమిషనర్‌ స్థానంలో ఉండే అధికారి. 1908లో వర్జీనియా రాష్ట్రంలోని స్టాంటన్‌ పట్టణంలో ఆ పద్ధతి మొదలైంది. 1913 వరదల తర్వాత ఒహాయోలోని డేటన్‌ నగరం 1914లో దానిని చేపట్టడంతో పేరొచ్చింది. అక్కడ మేనేజర్‌ను కౌన్సిలే నియమించుకుంటుంది, పని నచ్చకపోతే కౌన్సిలే పంపించివేస్తుంది.

సంతకం ఉంది, ఓటు లేదు

కౌన్సిల్‌ సమావేశంలో కమిషనర్‌ మాట్లాడవచ్చు, వివరణ ఇవ్వవచ్చు. ఓటు వేయడానికి వీల్లేదు. బడ్జెట్‌ ఆమోదించేది, తీర్మానం చేసేది 19 వార్డుల ప్రతినిధులతో కూడిన కౌన్సిల్‌. అమలు చేసేది కమిషనర్‌. తీర్మానం చట్టానికి విరుద్ధమనిపిస్తే అమలు చేయకుండా ప్రభుత్వానికి నివేదించవచ్చు. దానిని నిలిపివేయాలో రద్దు చేయాలో పైవారు తేలుస్తారు. ఛైర్మన్‌కూ కమిషనర్‌కూ పొసగని పురపాలికల్లో తగవు సాధారణంగా ఇక్కడే రాజుకుంటుంది.

కమిషనర్‌ అధికారానికీ కళ్లెం ఉంది. 2020 నాటి టీఎస్‌-బీపాస్‌ చట్టం ఇంటి అనుమతులకు 21 రోజుల గడువు పెట్టింది. అప్పటికీ ఉత్తర్వు వెలువడకుంటే అనుమతి వచ్చినట్లే. 2019 చట్టం కలెక్టర్‌ పర్యవేక్షణను బిగించింది. వార్డులో నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే వార్డు సభ్యుడితోపాటు బాధ్యుడైన అధికారి పదవికీ ముప్పే.

తొలగింపు అంత తేలిక కాదు

ఛైర్మన్‌పై అవిశ్వాసానికి 2019 చట్టం మూడేళ్ల నిరీక్షణ పెట్టింది. ఆ గడువు తీరాక 2024లో రాష్ట్రంలోని పలు పురపాలికల్లో పీఠాలు కదిలాయి. కమిషనర్‌ విషయంలో ఆ దారి లేదు. కౌన్సిల్‌ అసంతృప్తి వ్యక్తం చేస్తూ తీర్మానం పంపినా ఉత్తర్వు రావలసింది ప్రభుత్వం నుంచే. ప్రజలు తొలగింపుగా భావించేది చాలాసార్లు బదిలీ మాత్రమే. ఆరోపణలు వస్తే సస్పెండ్‌ చేయవచ్చు. అయితే సస్పెన్షన్‌ శిక్ష కాదు, విచారణ పూర్తయ్యేదాకా విధులకు దూరంగా ఉంచడం. అవినీతి కేసులో అరెస్టయి 48 గంటలకు మించి నిర్బంధంలో ఉంటే సస్పెండ్‌ అయినట్లే లెక్క. ఉద్యోగం నుంచే తొలగించాలంటే రాజ్యాంగం 311వ అధికరణ అడ్డుగా నిలుస్తుంది. అభియోగాలు తెలియజేసి, విచారణ జరిపి, ఆయన వాదన వినాలి. క్రిమినల్‌ కేసులో శిక్ష పడటం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు.

పొరుగున మహారాష్ట్రలో పద్ధతి కొంత వేరు. 1888 నాటి ముంబయి నగరపాలక చట్టం ప్రకారం మొత్తం కార్పొరేటర్లలో ఎనిమిదింట ఐదు వంతుల మంది ఓటేస్తే కమిషనర్‌ను తొలగించాలి. నవీ ముంబయిలో 2016 అక్టోబరులో కమిషనర్‌ తుకారాం ముండేపై 104 మంది కార్పొరేటర్లు అవిశ్వాసానికి ఓటేశారు, వ్యతిరేకించినవారు ఆరుగురే. ఆక్రమణలపై ఆయన కఠినంగా వ్యవహరించడం నచ్చిన పౌరులు మాత్రం ఆయన వైపు నిలిచారు. ప్రభుత్వం వెంటనే ఆయనను తప్పించలేదు. 2017 మార్చిలో బదిలీ చేసింది. ఎన్నికైన సభకు తొలగించే అధికారమిస్తే నిక్కచ్చి అధికారికి రక్షణ ఉండదన్న వాదనకు బలం చేకూర్చిన ఉదంతమిది. ఆ అధికారం లేని చోట ఉదాసీన అధికారిని కదిలించే వారెవరన్న ఎదురు ప్రశ్న కూడా ఉంది.

బాన్సువాడలో ఆ ప్రశ్న 2025లో మరింత సూటిగా ఎదురైంది. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గం గడువు 2025 జనవరి 26తో ముగిసి, మరునాటి నుంచి ప్రత్యేకాధికారి పాలన మొదలైంది. తీర్మానించేదీ అధికారే, అమలు చేసేదీ అధికారే. నీళ్లు రాని వీధివారు ఓటేసిన కౌన్సిలర్‌ను నిలదీసే వీలు అప్పుడు లేకపోయింది. మిగిలినవి కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి అర్జీ, 30 రోజుల్లో జవాబు కోరే సమాచార హక్కు దరఖాస్తు.