లేవీయకాండము 23:40లోని ‘దబ్బపండు’: ఒక చారిత్రక పరిశీలన

మన సంఘములలో కోతకాలపు కృతజ్ఞతార్పణ కూటములు జరిగినప్పుడు పర్ణశాలల పండుగను గూర్చిన వాక్యభాగము తరచుగా చదువబడుతుంది. లేవీయకాండము 23:40లో మన పాత తెలుగు అనువాదము నాలుగు రకములను పేర్కొన్నది: దబ్బపండు, ఈతమట్ట, గొంజికొమ్మ, నిరవంజికొమ్మ. దబ్బకాయ అనగానే ఓరుగల్లు ప్రాంతపు విశ్వాసికైనా కోస్తా విశ్వాసికైనా ఊరగాయ, పులిహోర గుర్తుకు వస్తాయి. మాట సుపరిచితము గనుక ఎవరూ దాని దగ్గర ఆగరు. అయితే హెబ్రీ మూలములో ఆ పండుకు పేరే లేదు. ఆ పేరు అక్కడికి ఎలా వచ్చింది, దానివలన బోధకునికి కలిగే బాధ్యత ఏమిటి అన్నది ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

మూలములోని మాట

హెబ్రీలో ఉన్నది ‘పెరీ ఎత్స్ హదార్’. అనగా సొగసైన, లేక ఘనమైన చెట్టు ఫలము. అది ఏ చెట్టో ధర్మశాస్త్రము చెప్పలేదు. నెహెమ్యా 8:15తో పోల్చి చూస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. ఎజ్రా కాలపు జనులు కొండకు వెళ్లి తెచ్చిన వాటిలో ఒలీవ, అడవి ఒలీవ, గొంజి, ఈత, గుబురుచెట్ల కొమ్మలున్నాయి. ఏ ఫలమూ లేదు. పైగా ఆ కొమ్మలు తెచ్చినది పర్ణశాలలు కట్టుటకే. గొంజి, గుబురుచెట్టు అక్కడ రెండు వేర్వేరు పేర్లు. లేవీయకాండములోనైతే ‘గుబురుచెట్టు’ అను అర్థమిచ్చు హెబ్రీ మాటనే మన అనువాదకులు గొంజి అని తెలిగించారు.

దీనినిబట్టి మన అనువాదము ఈ వచనములో యూదుల ఆచార సంప్రదాయమును అనుసరించినదని తెలుస్తున్నది. ఆ సంప్రదాయములో ‘హదార్’ ఫలము అంటే ‘ఎత్రోగు’. అరామిక్ అనువాదమైన ఒంకెలోసు తర్గూము ఇక్కడ ఆ పేరునే వాడింది. తల్మూదులోని సుక్కా గ్రంథములో రబ్బీలు ‘హదార్’ అను మాటను ‘హద్దార్’, అనగా ‘నివసించునది’, అని విడదీసి, ఏడాది పొడవునా చెట్టునే నిలిచియుండు పండు ఎత్రోగేనని వాదించారు. ఇది వ్యాకరణము కాదు. అప్పటికే చేతిలో ఉన్న ఆచారమునకు వాక్యములో చోటు చూపిన వ్యాఖ్యానము.

ఫలము నడచిన దారి

ఎత్రోగు అనునది నిమ్మ జాతికి చెందినది. వృక్షశాస్త్రము దీనిని ‘సిట్రస్ మెడికా’ అంటుంది. తెలుగులో మాదీఫలము, సంస్కృతములో మాతులుంగము, బీజపూరము. మహాలక్ష్మి చేతిలోని ఫలముగా దేవీ ఆరాధనా సంప్రదాయము చెప్పేది కూడా ఈ మాతులుంగమునే. తొక్క మిక్కిలి మందము, రసము బహు స్వల్పము, వాసన మాత్రము ఘనము.

నిమ్మ జాతుల పుట్టిల్లు హిమాలయ పర్వతపాదముల ఆగ్నేయ భాగమని, అనగా అస్సాము తూర్పు భాగము, ఉత్తర మయన్మారు, పశ్చిమ యున్నాన్ ప్రాంతములని 2018లో ప్రచురితమైన జన్యు పరిశోధన సూచించింది. అక్కడినుండి ఈ ఫలము పారసీక దేశము మీదుగా పడమటికి వెళ్లింది. క్రీ.పూ. 300 ప్రాంతములో గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దీనిని మాదీయుల, లేక పారసీకుల, ఆపిలుగా వర్ణించాడు. ‘మెడికా’ అను పేరు అందునుండి వచ్చినదే.

యెరూషలేము దగ్గరనున్న రామత్ రాహేలులో పారసీక పాలనాకాలపు రాజోద్యానము బయటపడింది. అక్కడి కొలను గచ్చులో చిక్కుకొనిన పుప్పొడిలో ఈ చెట్టు పుప్పొడి ఉన్నదని డఫ్నా లాంగట్ మొదలైన పరిశోధకులు 2013లో ప్రచురించిన వ్యాసములో చూపారు. ఆ ప్రాంతములో ఈ చెట్టుకు తొలి ఆనవాలుగా పండితులు దీనినే ఎంచుతున్నారు. కనుక అరణ్యములో ఇశ్రాయేలీయులు ఎత్రోగు పట్టుకొన్నారని చెప్పుటకు చరిత్ర ఆధారమివ్వదు. చెర తరువాత, అన్యరాజుల తోటలో నుండి వచ్చిన పరదేశపు చెట్టు దేవుని పండుగలో చోటు సంపాదించుకొన్నదని చెప్పుట న్యాయము.

సమాజము చేతిలో

ఒకసారి చోటు దొరికిన తరువాత ఆ ఫలము యూదుల గుర్తుగా నిలిచింది. క్రీ.పూ. 103–76లో ఏలిన అలెగ్జాండర్ యన్నాయి పండుగనాడు బలిపీఠము దగ్గర నిలిచినప్పుడు జనులు చేతిలోని ఎత్రోగులతోనే అతనిని కొట్టారని జోసీఫసు వ్రాశాడు. రోమాపై తిరుగుబాటు నాలుగవ సంవత్సరపు (క్రీ.శ. 69–70) కంచు నాణెములపై ఎత్రోగు ముద్ర ఉన్నది. క్రీ.శ. 132–135లో తిరుగుబాటు నడిపిన బార్ కోఖ్బా నాణెములపైనా ఉన్నది. మృత సముద్రము దగ్గరి గుహలో 1960లో యిగాయేల్ యాదిన్ బృందమునకు దొరికిన జాబులలో ఒకటి ఈ పండుగ సరంజామాను గూర్చినదే. ఈతమట్టలు, ఎత్రోగులు మోసుకొని వచ్చుటకు రెండు గాడిదలను పంపుతున్నానని, గొంజి, నిరవంజి కొమ్మలను అక్కడివారే సమకూర్చవలెనని, దండులో జనము విస్తారముగా ఉన్నారని బార్ కోఖ్బా తన మనిషికి తెలియజేశాడు. యుద్ధమధ్యములో కూడ పండుగ ఆగలేదు.

మొదటి దినమున ఆ నాలుగు రకములు ఎవరివి వారి సొంతము కావలెనని రబ్బీల నియమము. పేదవారికి ఇది ఎలా సాధ్యము? రబ్బాన్ గమలీయేలు, మరి ముగ్గురు పెద్దలు ఓడలో ప్రయాణిస్తుండగా, వెయ్యి జూజులకు కొనిన ఈతమట్ట గమలీయేలు యొద్ద మాత్రమే ఉండెనని, అతడు దానిని కానుకగా ఇవ్వగా వారు ఒకరి తరువాత ఒకరు ఆచరించి తరువాతివారికి కానుకగా ఇస్తూ, చివరకు అతనికే తిరిగి ఇచ్చారని తల్మూదు చెప్తుంది. తరువాతి కాలములో ఎత్రోగు పండని ఐరోపా చలి దేశములలో ఊరి సమాజమంతయు కలిసి ఒకే పండును కొని, చేతులు మార్చుకొనుటకు ఈ పద్ధతియే దారి చూపింది. లేవీయకాండ మిద్రాషు మరొక అడుగు వేసింది. ఎత్రోగుకు రుచి, వాసన రెండూ ఉన్నాయి. ఈతకు రుచియే, గొంజికి వాసనయే, నిరవంజికి ఏదీ లేదు. మనుష్యులును అట్టివారే గనుక నాలుగింటిని ఒక కట్టగా కట్టవలెనని దాని భావము.

మన పొరుగున

ఈ చర్చ తెలుగువారికి దూరపుది కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో ‘బెనె ఎఫ్రాయిం’ అను చిన్న సమాజమున్నది. మాదిగ కులమునకు, బాప్తిస్టు నేపథ్యమునకు చెందిన ఈ కుటుంబములు షమూయేల్ యాకోబి, సదోక్ యాకోబి సోదరుల నాయకత్వములో 1980వ దశకము నుండి తాము ఎఫ్రాయిము గోత్రపువారమని ప్రకటించుకొని యూదాచారములను చేపట్టాయి. 1991లో సమాజమందిరము ఏర్పడింది. యూలియా ఎగొరోవా, షాహిద్ పెర్వేజ్ 2013లో వీరిపై గ్రంథము వెలువరించి, వీరి జీవితములో కులము, మతము పెనవేసుకొనిన తీరును వివరించారు.

వీరి ముందుతరములవారు బాప్తిస్టు సంఘములలో చదువుకొన్నది మన తెలుగు బైబిలునే. మనకు దబ్బపండు ఒక వర్ణన. పండుగను ఆచరింపబూనిన తెలుగువానికి అది ఒక ఆజ్ఞ. ఏ పండు చేతపట్టవలెను? నిమ్మతో అంటుకట్టిన చెట్టు కాయను రబ్బీలు 16వ శతాబ్దము నుండి నిరాకరిస్తూ వచ్చారు. అంగడిలో దబ్బకాయ పేరున అమ్మే ప్రతి కాయా ఎత్రోగు కానేరదు. అనువాదకుడు ఎంచుకొనిన ఒక్క మాట ఒక సమాజపు ఆరాధనను ఎంత లోతుగా తాకగలదో దీనివలన గ్రహించవచ్చును.

ముగింపు

బోధకులు ఇక్కడ రెండు అతిశయోక్తులను తప్పించుకొనవలెనని మా అభిప్రాయము. దబ్బపండును మోషే నోటనే ఉంచి దానిపై గూఢార్థములు కట్టుట మొదటిది. మూలములో లేదు గనుక యూదుల ఆచారమంతయు కల్పితమని త్రోసివేయుట రెండవది. వాక్యము ‘సొగసైన చెట్టు ఫలము’ అని మాత్రమే చెప్పి ఊరకున్నది. ఆ మిగిలిన చోటును ఒక ప్రజ తన చెరతో, యుద్ధముతో, పేదరికముతో, పంచుకొనుటతో నింపుకొన్నది. కొత్తరెడ్డిపాలెమువారి వంశావళి వాదమును తూచునప్పుడు కూడ ఇదే కొలత వర్తిస్తుంది: ఆధారమును అడుగవలెను, ఆరాధించువారిని అవమానింపరాదు. రాబోవు కోతపండుగలో ఈ వచనము చదివేవారు దబ్బపండు అను మాట దగ్గర ఒక్క నిమిషము ఆగి, ఏది వాక్యమో ఏది వ్యాఖ్యానమో సంఘమునకు విడమరచి చెప్పినయెడల, రెండింటి విలువయు నిలుస్తుంది.