ప్రేక్షకుడు పెదవి విరిచిన చోట్లు

అడవి మధ్య సగం కాలిపోయిన పాత బంగళా. పొడవాటి బల్ల మీద సూపు గిన్నెలు. చుట్టూ కూర్చున్నవాళ్లందరికీ ఒకప్పుడు పిచ్చాసుపత్రుల్లో రోగులు కదలకుండా తొడిగినటువంటి చొక్కాలు. చేతులు ఛాతీకి బిగించి కట్టేసి ఉన్నాయి. గిన్నె పక్కన చెక్క చెంచా. ముందు నువ్వు కానీయమంటారు, కొత్తగా వచ్చిన అమ్మాయిని. ఆమె అటూ ఇటూ వంగి నానా తిప్పలూ పడుతుంది, సూపు మాత్రం గొంతు దిగదు. అప్పుడు మిగతావాళ్లు చెంచాను పళ్లతో కరిచిపట్టుకుని, సూపు తీసి, పక్కవాళ్ల నోటికి అందిస్తారు. ఒకరు ఇంకొకరికి, వాళ్లు మరొకరికి.

మోచేతులు మడవలేని దేవతలూ రాక్షసులూ విందుకు కూర్చున్న కథ మనవాళ్లకు తెలిసిందే. రాక్షసులు పస్తులుంటారు, దేవతలు ఒకరికొకరు తినిపించుకుంటారు. ఆ కథ ఎరిగిన మనకు ఈ దృశ్యంలో మలుపు ముందే తెలిసిపోతుంది. అయినా ఆ అమ్మాయి ముఖంలోని అవమానం చూస్తుంటే చూపు తిప్పుకోలేం. ఎందుకంటే ఆమె అతిథి కాదు, కోవర్టు. వాళ్ల గుట్టు రాబట్టడానికి జీతం తీసుకుని వచ్చిన మనిషి.

సినిమా పేరు ‘ది ఈస్ట్’. 2013 జనవరిలో సండాన్స్ చిత్రోత్సవంలో మొదటిసారి వేశారు, అదే ఏడాది మే 31న అమెరికాలో విడుదలైంది. దర్శకుడు జాల్ బాట్‌మంగ్లిజ్. కోవర్టు సారా పాత్ర వేసిన బ్రిట్ మార్లింగ్ కథ రాయడంలోనూ సగం భాగస్వామి. విమర్శకులు మొత్తమ్మీద మెచ్చుకున్నారు. జనం మాత్రం పెద్దగా రాలేదు: 65 లక్షల డాలర్లు పెట్టి తీస్తే అమెరికాలో పాతిక లక్షలు కూడా వసూలు కాలేదు. చూసినవాళ్లు, మెచ్చుకున్నవాళ్లతో సహా, కొన్ని చోట్ల పెదవి విరిచారు. ఆ చోట్లు ఏవో చూస్తే, సినిమా ఎలా పుట్టిందన్న సంగతి కన్నా, పుట్టాక దానికి ఏమైందన్నదే నాకు ఆసక్తిగా తోస్తుంది.

పుట్టుక సంగతి ముందు. మార్లింగ్ జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివింది. సెలవుల్లో గోల్డ్‌మన్ శాక్స్ బ్యాంకులో పని నేర్చుకుంది. అక్కడే స్థిరపడితే జీవితానికి ఢోకా లేదు. అదంతా కాదనుకుని, కాలేజీ స్నేహితుడు బాట్‌మంగ్లిజ్‌తో కలిసి సినిమాల దారి పట్టింది. చేతిలో అవకాశాలూ లేవు, డబ్బూ లేదు. 2009 వేసవిలో ఇద్దరూ డబ్బు ముట్టకుండా బతికేవాళ్ల మధ్య ఉండి చూద్దామని బయల్దేరారు. ఫ్రీగన్లంటారు వాళ్లను. సూపర్ మార్కెట్ల వెనక డబ్బాల్లో పారేసిన, ఇంకా చెడని తిండి ఏరుకుంటారు. గూడ్సు బండ్లెక్కి ఊళ్లు తిరుగుతారు. ఉన్నదేదో అందరూ కలిసి వాడుకుంటారు. సినిమాలో చెత్తడబ్బా తిండీ గూడ్సు బండి ప్రయాణమూ ఊహించి రాసినవి కావు.

కానీ ఆ అనుభవాన్ని ఉన్నదున్నట్టు రాస్తే అది డాక్యుమెంటరీ అవుతుంది. వాళ్లు థ్రిల్లర్ చేశారు. అందుకు కావలసింది ఒక్క మనిషి: లోపలికి వెళ్లినా లోపలి మనిషి కాలేనిది. ఆలోచిస్తే 2009లో వాళ్లిద్దరూ అక్కడ ఉన్నదీ అలాగే కదా. ఎవరినీ పట్టివ్వడానికి వెళ్లలేదన్న మాట నిజమే. అయినా ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటికి తిరిగి రాగలిగినవాళ్లు, చూసింది తర్వాత కథగా రాసుకున్నవాళ్లు. సారా పాత్రకు ప్రాణం అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం. వీళ్ల ముందు సినిమా ‘సౌండ్ ఆఫ్ మై వాయిస్’ కూడా ఒక రహస్య మఠంలోకి దొంగచాటుగా చేరిన ఇద్దరి కథే. అది 2011 సండాన్స్‌లో ఫాక్స్ సెర్చ్‌లైట్ కంట పడింది. తర్వాత ‘ది ఈస్ట్’ వెనక అదే సంస్థ నిలబడింది, రిడ్లీ స్కాట్ కంపెనీ నిర్మాణంలో చేయి కలిపింది. 2011 చివర్లో లూసియానా రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్‌లో తీశారు. కార్పొరేట్ల మీద కత్తి దూసిన ఈ సినిమాను విడుదల చేసిన సెర్చ్‌లైట్ అప్పటికి రూపర్ట్ మర్డాక్ సామ్రాజ్యంలో ఒక గది. జనం ఫోన్లు దొంగచాటుగా విన్నందుకు 2011 జులైలో మూతబడ్డ ‘న్యూస్ ఆఫ్ ద వరల్డ్’ పత్రికా ఆ సామ్రాజ్యంలోదే. ఈ హాస్యాన్ని సినిమాలో ఎవరూ రాయలేదు.

కథ పెద్దదేం కాదు. ‘ఈస్ట్’ అనేది ఒక రహస్య దళం. కంపెనీలు జనానికి చేసిన హానిని ఆ కంపెనీ పెద్దలకే తిరిగి రుచి చూపిస్తుంది. సముద్రాన్ని చమురుపాలు చేసిన కంపెనీ అధికారి ఇంట్లో గాలి గొట్టాల్లోంచి నల్లటి నూనె కారడంతో సినిమా మొదలవుతుంది. మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ పేలి, 11 మంది చనిపోయి, 87 రోజులు చమురు కక్కింది 2010లోనే. కాబట్టి అమెరికా ప్రేక్షకుడికి ఆ నూనె ఎక్కడిదో ఎవరూ చెప్పక్కర్లేదు.

దళాన్ని పట్టుకోవడానికి సారాను పంపింది పోలీసులు కాదు. హిల్లర్ బ్రూడ్ అనే ప్రైవేటు గూఢచారి సంస్థ. ప్రియుడితో దుబాయ్ వెళ్తున్నానని అబద్ధం చెప్పి ఇల్లు వదులుతుంది. దళం దగ్గర వైద్యుడున్నాడని తెలిసి, కూల్‌డ్రింక్ డబ్బా రేకుతో తన చేయి తానే కోసుకుని ఆ బంగళా చేరుతుంది. మందుల కంపెనీ పార్టీలో పెద్దలు తాగే షాంపేన్‌లో వాళ్లు అమ్మే మందే కలపబోతున్నారని తెలిసి, కంగారుగా పై అధికారిణికి ఫోన్ చేస్తుంది. ప్యాట్రీషియా క్లార్క్‌సన్ వేసిన ఆ అధికారిణి ఉలకదు, పలకదు. ఆ మందుల కంపెనీ మన క్లయింటు కాదు, జోక్యం చేసుకోకు, అంతే. సినిమా మొత్తంలో నన్ను భయపెట్టింది ఈ చోటే, విషం కాదు. ప్రాణం కాపాడాలా వద్దా అన్నది బిల్లు ఎవరు కడుతున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది.

ఇక్కడే మొదటి అనుమానం. ఉద్యమాల్లోకి పోలీసులు మనుషుల్ని పంపుతారంటే ఎవరైనా నమ్ముతారు. నక్సలైటు దళాల్లో కోవర్టుల వార్తలు దశాబ్దాలుగా చదివిన తెలుగు పాఠకుడికైతే అందులో వింతే లేదు. కానీ కంపెనీలు డబ్బిచ్చి ఉద్యమకారుల మీదికి వేగుల్ని తోలడం? అది సినిమా కోసం అల్లిన హంగులా కనిపించింది చాలామందికి.

హంగు కాదు. షూటింగు ముగిశాక, 2012 ఫిబ్రవరి చివర వికీలీక్స్ అమెరికాలోని స్ట్రాట్‌ఫర్ అనే ప్రైవేటు నిఘా సంస్థ ఈమెయిళ్లను బయటపెట్టడం మొదలుపెట్టింది. అందులో మన భోపాల్ ఉంది. 1984 డిసెంబరులో విషవాయువుకు బలైన వాళ్ల తరఫున పోరాడుతున్న కార్యకర్తలు ఎక్కడ ఏ సభ పెడుతున్నారో, ఏం రాస్తున్నారో ఆరా తీసి, యూనియన్ కార్బైడ్‌ను కొన్న డౌ కెమికల్ కోసం స్ట్రాట్‌ఫర్ నివేదికలు తయారు చేసేది. గ్యాస్ పీల్చింది భోపాల్ బస్తీలు, నిఘా కూడా వాళ్ల తరఫు వాళ్ల మీదే. ఇక సినిమా థియేటర్లకు వచ్చిన వారానికి, 2013 జూన్ మొదట్లో, ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు ప్రపంచమంతా గుప్పుమన్నాయి. అతనికి జీతమిచ్చింది ప్రభుత్వం కాదు, బూజ్ అలెన్ హామిల్టన్ అనే ప్రైవేటు సంస్థ. గూఢచర్యం కాంట్రాక్టు పనిగా మారిపోయిందని సినిమా చెప్తే ఊహ అన్నవాళ్లు, పేపర్లో చదివి నోళ్లు వెళ్లబెట్టారు.

ఎక్కువమంది విసుక్కున్నది ప్రేమ దగ్గర. దళ నాయకుడు బెంజీగా అలెగ్జాండర్ స్కార్స్‌గార్డ్. చూడగానే తెలుస్తుంది, సారా ఇతనికి పడిపోతుందని. హీరోయిన్ అన్నాక ప్రేమలో పడాల్సిందేనా, మళ్లీ హాలీవుడ్ పాత పాటేనా అని విమర్శకులు కొందరు నొసలు ముడిచారు. ఆ విసుగు నాకూ అర్థమవుతుంది. స్కార్స్‌గార్డ్ అందం ఆ పాత్రకు బరువేగానీ బలం కాలేదు. కానీ ఈ విషయంలో నిజం సినిమా కన్నా చాలా ముదిరిపోయి ఉంది.

ఇంగ్లండులో మార్క్ కెన్నెడీ అనే పోలీసు, మార్క్ స్టోన్ అనే దొంగపేరుతో 2003 నుంచి ఏడేళ్లు పర్యావరణ ఉద్యమకారుల మధ్య బతికాడు. జుట్టు పెంచాడు, పచ్చబొట్లు పొడిపించుకున్నాడు, నిరసనలకు వ్యాను నడిపాడు. ఉద్యమంలోని స్త్రీలతో ఏళ్ల తరబడి సంబంధాలు నడిపాడు. 2010లో ఒక స్నేహితురాలికి అతని అసలు పేరున్న పాస్‌పోర్టు కంటపడటంతో గుట్టు రట్టయింది. 2009 ఏప్రిల్‌లో రాట్‌క్లిఫ్ బొగ్గు విద్యుత్కేంద్రాన్ని ఆపాలని కూడిన 114 మందిని పోలీసులు ముందే అరెస్టు చేశారంటే, ఆ సమాచారం వెనక ఉన్నది అతనే. అతని సంగతి బయటపడ్డాక 2011 జనవరిలో కేసు కుప్పకూలింది. అతనొక్కడే కాదు, ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. ఇలా మోసపోయిన ఏడుగురు స్త్రీలకు 2015 నవంబరులో లండన్ మెట్రోపాలిటన్ పోలీసు శాఖ బహిరంగంగా క్షమాపణ చెప్పింది.

అమెరికాలో కథ తిరగబడింది. ఎఫ్‌బీఐ ఒక పడుచుపిల్లను ‘అన్నా’ అన్న పేరుతో పర్యావరణ యువకుల మధ్యకు పంపింది. ఆమె మీద మనసుపడ్డ ఎరిక్ మెక్‌డేవిడ్ 2006 జనవరిలో పేలుళ్ల కుట్ర కేసులో అరెస్టయ్యాడు. 2008లో దాదాపు ఇరవై ఏళ్ల శిక్ష పడింది. అతను ఆమెకు రాసిన ప్రేమలేఖల్లాంటివి ప్రభుత్వం దగ్గరే ఉండిపోయాయి, ప్రతివాదుల చేతికి రాలేదు. ఆ కాగితాలు వెలికి వచ్చాక 2015 జనవరిలో అతన్ని వదిలేశారు. తొమ్మిదేళ్లు అప్పటికే జైల్లో గడిచిపోయాయి. బెంజీ, సారాల ప్రేమ కృతకంగా ఉందనేవాళ్లు ఈ కేసు ఫైలు చదివితే, అసలు కథకు ముందు సినిమా ఎంత పొదుపుగా ఉందో తెలుస్తుంది.

ప్రేక్షకులు పెద్దగా అడ్డం తిరగకుండా నమ్మేసినది మాత్రం నాకు పేచీగా ఉంది: దళం మనుషుల మీద విషప్రయోగం చేయడం. 1998 అక్టోబరులో కొలరాడోలోని వెయిల్ కొండ విడిదిని తగలబెట్టి కోటీ ఇరవై లక్షల డాలర్ల నష్టం చేసిన ఎర్త్ లిబరేషన్ ఫ్రంట్ అనే పర్యావరణ దళం లాంటివాళ్లు ఆస్తులకు నిప్పు పెట్టారు గానీ, వాళ్ల చేతుల్లో ఎవరూ చావలేదు. అయినా 2005లో ఎఫ్‌బీఐ అధికారి అమెరికా సెనేట్ ముందు దేశంలోపలి ఉగ్రవాదంలో ఇలాంటివాళ్లదే పెద్ద ముప్పని చెప్పాడు. థ్రిల్లర్‌కు ఉత్కంఠ కావాలి కాబట్టి రచయితలు విషం తెచ్చారు. ఆ విషం ప్రభుత్వం వేసిన ముద్రకు తెలియకుండానే సాక్ష్యం చెప్పినట్టయింది.

ఆ షాంపేన్‌లో కలిపిన మందు సంగతి చెప్పకపోతే కథ సగమే. సినిమాలో దాని పేరు డెనాక్సిన్. కల్పిత పేరు, ఒక యాంటీబయోటిక్. దళంలోని వైద్యుడు తానే అది వాడి నరాలు దెబ్బతిన్నవాడు. టోబీ కెబెల్ ఆ పాత్రలో చేతివేళ్లు వణుకుతుంటే దాచుకునే తీరు చూడాలి. ఈ లక్షణాలు ఫ్లోరోక్వినొలోన్ జాతి మందులతో కొందరికి వచ్చే బాధలకు చాలా దగ్గర. మన ఇళ్లలో ‘సిప్రో’ అని చీటీ లేకుండానే కొనుక్కొచ్చే సిప్రోఫ్లోక్సాసిన్ ఆ జాతిదే. సినిమా విడుదలైన రెండున్నర నెలలకు, 2013 ఆగస్టు 15న, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మందుల లేబుళ్లలో హెచ్చరికను గట్టిపరిచింది: నరాలకు జరిగే నష్టం త్వరగా రావచ్చు, శాశ్వతంగా ఉండిపోవచ్చు.

హైదరాబాదు మనిషికి ఆ దృశ్యం ఇంకోలా తగులుతుంది. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల మురుగునీరు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటకు వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో ఫలితాలు అచ్చువేశారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. సినిమాలో మరో దాడిలో ఎలియట్ పేజ్ వేసిన ఇజ్జీ, సొంత తండ్రిని ఆయన కంపెనీ వ్యర్థాలు కలిసే నీళ్లలోకే దింపుతుంది. ఆ తండ్రి నీళ్లలో నిలబడ్డ దృశ్యం చూస్తూ మన వాగుల్ని తలుచుకోకుండా ఉండటం కష్టం.

ఇక ముగింపు. దీన్నీ చాలామంది తప్పుపట్టారు. సారా ఇటు బెంజీ వైపూ ఉండదు, అటు సంస్థ వైపూ ఉండదు. తనలాగే మారుపేర్లతో తిరుగుతున్న సంస్థ వేగుల్ని ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మనసు మార్చడం మొదలుపెడుతుంది. పేర్లు పడుతుండగా హడావిడిగా చూపించేశారు. మరీ తేలిగ్గా తేల్చేశారు, వేగు ఎక్కడైనా నోరు విప్పుతాడా అని నవ్వినవాళ్లున్నారు. కళగా చూస్తే ఆ విమర్శ సబబే, ఆ చివరి నిమిషాలు అతికించినట్టే ఉంటాయి.

కానీ వేగు నోరు విప్పడం మాత్రం ఊహ కాదు. అమెరికాలో సినిమా విడుదలై నెల తిరక్కముందే, 2013 జూన్‌లో, లండన్ పోలీసు రహస్య దళంలో పనిచేసిన పీటర్ ఫ్రాన్సిస్ అనే మాజీ కోవర్టు తన పేరు పెట్టుకుని టీవీ ముందుకు వచ్చాడు. అతను చేరింది పర్యావరణ సంఘాల్లో కాదు, జాతివివక్షను ఎదిరించే సంఘాల్లో. తెల్ల కుర్రాళ్ల చేతిలో హత్యకు గురైన స్టీఫెన్ లారెన్స్ కుటుంబం మీద బురద చల్లడానికి ఏమైనా దొరుకుతుందా వెతకమని తనను పురమాయించారని చెప్పాడు. మరుసటి ఏడాది మార్చిలో హోంమంత్రి థెరెసా మే పార్లమెంటులో బహిరంగ విచారణ ప్రకటించింది. 2015లో ఏర్పడ్డ ఆ విచారణ కమిషన్ ముందు, ఒకప్పటి వేగులు ఒక్కొక్కరుగా వచ్చి సాక్ష్యం చెప్తూ వచ్చారు.