టమెల్‌కు జరిగిన అన్యాయం

ఈ వేసవిలో మన పిట్లాక్రీలో ఎవరో నడక బృందంవాళ్లు పంచిన కరపత్రం చూసి నాకు ఒళ్లు మండింది. 'టమెల్, టే నదికి ఉపనది' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. వీళ్లు లోగిరేట్ పాత రైలు వంతెన నుంచి నాలుగడుగులు దిగి, రెండు నదులూ కలిసేచోట ఒక్క పూటైనా నిలబడ్డారా?

నీళ్లు దిగివచ్చే నేల ఎంతో చూద్దాం. పోర్ట్-నా-క్రెయిగ్ దగ్గర టమెల్‌కు 1,649 చదరపు కిలోమీటర్లు. సంగమానికి ఎగువన పిట్నక్రీ దగ్గర టేకు 1,149. తేడా అయిదు వందలు! మన నదిలో అరువు నీళ్లు ఉన్నాయని ఎత్తిపొడిచేవాళ్లున్నారు. నిజమే, స్పే నదికి చేరాల్సిన నీళ్లు కొన్ని కాలువల మీదుగా ఎరిచ్ట్ సరస్సులోకి, అక్కణ్నుంచి మనకీ వస్తున్నాయి. కానీ నేను చెప్పింది నేల లెక్క. దాన్ని ఏ కాలువా పెంచలేదు.

పాత రచయితలు బెన్ లూయి కొండనుంచి పొడవు కొలిచి టేకే పట్టం కడతారు. ఆ ధార అక్కడ టే కాదే! మొదట కోనోనిష్, ఆపైన ఫిలన్, తర్వాత డాకర్ట్. టే సరస్సు దాటి కెన్‌మోర్ చేరాకే టే అవుతుంది. అన్నిసార్లు పేరు మార్చుకున్న నది మన పేరును మింగేయడమేమిటి? టాసిటస్ గ్రంథంలోనే టే పేరుందని ఇంకో వాదన. ఆయన చెప్పింది సముద్రం దగ్గరి ముఖద్వారం సంగతి, లోగిరేట్ సంగతి కాదు.

కాళేశ్వరంలో ప్రాణహితకు జరిగిందీ ఇదే. నీరెక్కువ తెచ్చేది ఆమె, పేరు గోదావరిది. అక్కడ మాత్రం పేరు మార్చమనడానికి నాకు నోరు రాదు, ఒప్పుకుంటాను.

మన నది పోగొట్టుకున్నది పేరొక్కటే కాదు. 1951 నాటికి ఆనకట్ట పూర్తయి ఫాస్కలీ సరస్సు నిండాక, ఎగువనున్న టమెల్ జలపాతం ఎత్తు తగ్గిపోయింది. 'ఫాల్స్' అన్న మాట పోయి ఇప్పుడది 'లిన్' అయింది. 1844లో విక్టోరియా రాణి వచ్చి చూసిందని చెప్పే రాతిస్తంభం మాత్రం ఒడ్డున అలాగే ఉంది. నేను ఆ దారిన వెళ్లినప్పుడల్లా దాన్ని ఒకసారి చదివి వస్తాను. చేపలకు 34 తొట్ల మెట్లు కట్టారు, మంచిదే. జలపాతానికి ఏం కట్టారు?

ఇదంతా మొన్న బ్లెయిర్ ఆథల్ మిత్రుడికి వివరంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "సరే గానీ, ఆ లిన్ దిగువనే మా గ్యారీ వచ్చి మీలో కలుస్తుంది కదా, టిల్ట్ నీళ్లన్నీ మోసుకొని! ఆ తర్వాత దాని పేరేమైందండీ?" అన్నాడు.

టీ చల్లారిపోతోందన్నాను.