కడపలో బ్రౌను దొర బంగళా

పాత యింటి చరిత్ర కావలసివచ్చినపుడు గ్రామములందు మొదట దస్తావేజులను వెదకుదురు. ఎవరు కొనిరి, ఎవరికి వారసత్వముగా సంక్రమించెను, ఎవరు అమ్మిరి అను సంగతులు వానియందు తెలియును. ఆ యింట ఏ పని జరిగెనో ఏ దస్తావేజును చెప్పదు. కడపలోని బ్రౌను దొర బంగళా విషయమున చెప్పదగిన చరిత్ర అంతయు ఆ పనియే.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించి, 1817లో మదరాసు చేరి, 1820లో కుంఫిణీ ఉద్యోగిగా కడపకు వచ్చెను. కచేరీ అవసరమునకై నేర్చిన తెలుగు క్రమముగా ఆయనకు వ్యసనమయ్యెను. వేమన పద్యములను సేకరించి, 1829లో అచ్చువేయించెను. కడపకు రెండవమారు వచ్చినపిమ్మట, 1827 ప్రాంతమున, ఈ బంగళాను కొనెను.

అందు దొర కాపురముకంటె పండితుల కొలువే పెద్దది. అయోధ్యాపురము కృష్ణారెడ్డి పర్యవేక్షణమున పండితులును వ్రాయసకాండ్రును అచ్చట పనిచేసిరి. వారి జీతములు సర్కారు సొమ్ము కావు. బ్రౌను స్వార్జితము, అది చాలనపుడు అప్పు. ఒక్క కావ్యమునకు పలుతావులనుండి తాళపత్ర ప్రతులను తెప్పించి, పాఠములను పోల్చి, తప్పులను దిద్ది, కాగితముపై శుద్ధప్రతి వ్రాయుట వారి నిత్యకృత్యము. ఒక ప్రతిలో పురుగు తినిన అక్షరము వేరొక యూరి ప్రతిలో దొరకెడిది. దొర పరవూళ్లకు బదిలీయైనను ఆ పని ఆగలేదు. 1852లో వెలువడిన ఆయన నిఘంటువునకు ఇట్టి కృషియే పునాది.

బ్రౌను ఉద్యోగము విరమించి 1855లో స్వదేశమునకు మరలెను. 1884లో లండనునందు మరణించెను. బంగళా కాలక్రమమున శిథిలమై, మొండిగోడలు మిగిలెను. గ్రంథములు మాత్రము నశింపలేదు. ఏలయన, అవి ఆ యింటనే పడియుండక మదరాసు చేరి, ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున భద్రమయ్యెను.

ఇరువదవ శతాబ్ది చివర జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలచే ఆ స్థలముననే బ్రౌను పేర గ్రంథాలయము వెలసెను. నేడది యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందిన భాషాపరిశోధన కేంద్రము. ఏ కవి పద్యములకై దొర ఊరూర ప్రతులను వెదకించెనో, ఆ కవి పేరిటి విద్యాలయమే ఆయన స్థలమును కాపాడుచున్నది.

అటకలమీద తాటాకు కట్టలున్న పాత యిండ్లు గ్రామములందు ఇంకను కలవు. ఇల్లు పడకమునుపే ఆ కట్టలను దింపి గ్రంథాలయమునకు అప్పగించినచో, దస్తావేజులకు అందని ఆ యింటి చరిత్ర నిలుచును.