దెబ్బ ఎవరిది, పట్టా ఎవరిది?

2008 మార్చిలో విమానాశ్రయం తెరిచాక శంషాబాద్ చుట్టుపట్ల పొలాల్లో ఫంక్షన్ హాళ్ళు మొలిచాయి. ఈ మధ్య ఒక పాత విద్యార్థి పెళ్ళికి అక్కడికి వెళ్ళాను. బరాత్‌లో తీన్‌మార్ మోగుతున్నది. వాయిస్తున్న కుర్రవాడి ముందు తోలు లేదు, రబ్బరు పలకల ప్యాడ్ ఉన్నది. ఒక పలక మీద పుల్ల పడితే డప్పు, మరొకదాని మీద పడితే మర్ఫా. గేటు బయట ఇద్దరు డప్పు కళాకారులు పిలుపు కోసం నిలబడి ఉన్నారు.

ప్యాడ్‌లోని డప్పు కూడా ఏనాడో ఎవరో వాయించినదే. శబ్దాన్ని ముక్కగా కోసి యంత్రంలో దాచి, తాకినప్పుడల్లా పలికించడాన్ని శాంప్లింగ్ అంటారు. ఆ వాయించినవాడికి దక్కిందేమిటి?

1957 కాపీరైట్ చట్టం సంగీత రచనను నిర్వచిస్తూ మెలడీ, హార్మనీ అన్నది, లయ అనలేదు. పైగా అది అచ్చులోనో రాతలోనో ఉండాలన్నది. చెవి నుంచి చేతికి దిగివచ్చిన డప్పు దెబ్బ ఆ లెక్కన సంగీతమే కాదు. ఈ నిర్వచనం మారడానికి 1994 దాకా పట్టింది. రికార్డుకు మాత్రం చట్టం మొదటి నుంచీ యజమానిని చూపింది; అతడు వాయించినవాడు కాదు.

ప్రదర్శకుల హక్కు కూడా 1994 సవరణతోనే వచ్చింది. 2012 సవరణ రాయల్టీని చేర్చింది, దానితోపాటే ఒక మెలిక పెట్టింది. సినిమాలో అప్రధానంగా వాయించి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో పేరు పడనివాడు, తన ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పుకోవడానికి తప్ప, ప్రదర్శకుడే కాడు. పేరు వేయలేదు కనుక హక్కు లేదు. హక్కు లేదు కనుక పేరు వేయమని అడగలేడు.

వెట్టి చరిత్ర తెలిసిన పాఠకులకు ఈ తర్కం కొత్త కాదు. చాటింపుకూ, చావుకూ, జాతరకూ మాదిగవాడల నుంచి డప్పు రావలసిందే. మంట మీద తోలు కాచి, చిర్రా సిటికెనపుల్లా పట్టి వాయించిన ఆ చేతుల శ్రమకు కరణం లెక్కల్లో పద్దు లేదు. శాంపిల్‌లో శ్రమ మిగిలి, మనిషే తొలగిపోయాడు.

ఇది మన దగ్గరే కాదు. 1969లో వాషింగ్టన్‌కు చెందిన ది విన్‌స్టన్స్ బృందం రికార్డు చేసిన ఒక పాటలో గ్రెగరీ కోల్మన్ కొన్ని సెకన్లు డ్రమ్స్ వాయించాడు. ఆ ముక్కను వేలాది పాటల్లో వాడుకున్నారు. అతడు 2006లో పేదరికంలోనే మరణించాడు.

అలాగని దెబ్బకు కంచె వేద్దామా? నేను ఒప్పుకోను. నిజాం సైన్యంలో చేరిన అరబ్బులతో, ఆఫ్రికన్లతో వచ్చిన వాద్యం మర్ఫా. కంచెలుంటే అది మన బరాత్‌కు చేరేదా? పెళ్ళి ఊరేగింపులో పాట వాడుకుంటే ఉల్లంఘన కాదని సెక్షన్ 52 అంటున్నది, అది మంచిదే. లయ అందరిదీ కానివ్వండి. రికార్డు చేసిన నాటి చెయ్యి మాత్రం ఒక మనిషిది. అతనికి కూలీ, కాగితం మీద పేరూ ఉండాలి. ఆ మాటకొస్తే, జానపదుల బాణీలు తీసుకుని పాటలు కట్టిన మనం ఎందరి పేర్లు అచ్చువేశాం?

అప్పగింతల వేళకు ఆ ఇద్దరినీ లోపలికి పిలిచారు. వాళ్ళు వాయిస్తుంటే ప్యాడ్ కుర్రవాడు వచ్చి తన ఫోను డప్పుకు దగ్గరగా పట్టుకున్నాడు. పేరు అడిగాడో లేదో, ఆ మోతలో నాకు వినిపించలేదు.